బోనులో నిలబడ్డ ప్రాసిక్యూటర్
(న్యాయవాదులు, పాఠకులు కలిసి జరుపుకున్న సాహిత్య సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో సగం మంది కోర్టు నుంచి నేరుగా వచ్చినవాళ్ళు, మిగతా సగం నవలలు చదివేవాళ్ళు అని నిర్వాహకులు చెప్పారు. ఇద్దరికీ పనికొచ్చే పుస్తకం ఒకటి ఎంచుకున్నాను. స్కాట్ టురో రాసిన 'ప్రిజ్యూమ్డ్ ఇన్నోసెంట్'. 1987లో అమెరికాలో వచ్చింది. ప్రభుత్వం తరఫున హత్యకేసులు నడిపే ప్రాసిక్యూటర్ ఒకడు, తను చేయని హత్యకి తనే ముద్దాయిగా నిలబడతాడు. కథ ఒక్క మాటలో చెప్పాలంటే ఇంతే.

మనవాళ్ళు మాటకి ముందు వాడే సామెత ఒకటుంది. నిప్పు లేనిదే పొగ రాదని. పక్క వీధి కుర్రాణ్ణి పోలీసులు జీపెక్కించుకుని వెళ్ళారంటే, ఏమీ లేకపోతే ఎందుకు తీసుకెళ్తారండీ అంటాం. అదే మనం సినిమా హాల్లో కూర్చున్నప్పుడు, వందమంది దోషులు తప్పించుకున్నా ఫరవాలేదు, ఒక్క నిర్దోషికి శిక్ష పడకూడదు అని హీరో అంటే చప్పట్లు కొడతాం. ఈ రెండు మాటలూ ఒకే మనిషి నోట ఒకే రోజు వస్తాయి. నేరం రుజువయ్యేదాకా మనిషిని నిర్దోషిగానే చూడాలన్న సూత్రం చెప్పడానికి సులువు. దాన్ని నమ్మి నడుచుకోవడం ఎంత కష్టమో ఈ నవల చూపిస్తుంది. అది కూడా ఎవరి ద్వారా? ముద్దాయి దోషా కాదా తేల్చే మామూలు పౌరులు, పన్నెండు మంది జ్యూరర్ల ముందు నిలబడి, ఇతనే హంతకుడు అని వేలు చూపించడమే వృత్తిగా పెట్టుకున్నవాడి ద్వారా.

రచయిత గురించి కాస్త చెప్పాలి. ఎందుకంటే ఈ పుస్తకం బయట నుంచి చూసి రాసింది కాదు. టురో హార్వర్డ్‌లో లా చదివాడు. చదువుతుండగానే మొదటి సంవత్సరం అనుభవాల మీద ఒక పుస్తకం రాశాడు. 1978 నుంచి 1986 దాకా చికాగోలో ఫెడరల్ ప్రాసిక్యూటర్‌గా పనిచేశాడు. ఆ రోజుల్లో అక్కడ ఆపరేషన్ గ్రేలార్డ్ అని పెద్ద దర్యాప్తు జరిగింది. కేసులు కొట్టేయడానికి జడ్జీలు లంచాలు తీసుకుంటున్నారని బయటపడింది. 17 మంది జడ్జీల మీద అభియోగాలు నమోదయ్యాయి. ఆ కేసుల్లో ప్రభుత్వం తరఫున నిలబడ్డవాళ్ళలో టురో ఒకడు. పగలంతా కోర్టు పని. నవల రాయడానికి దొరికింది పొద్దున ఆఫీసుకు వెళ్ళే లోకల్ ట్రైన్‌లో కూర్చునే సమయం. నోటు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఏళ్ళ తరబడి అలాగే రాశాడు. న్యాయవ్యవస్థ లోపలి వాసన ఈ పుస్తకంలో ప్రతి పేజీలో తగలడానికి కారణం ఇదే.

ఇక కథ. ముందే ఒక మాట. కోర్టులో ఏం జరుగుతుందో చెప్తాను. చంపింది ఎవరో చెప్పను. చదవని వాళ్ళు నిశ్చింతగా వినొచ్చు.

కిండిల్ కౌంటీ అనేది అమెరికా మధ్య ప్రాంతంలో టురో ఊహించుకున్న జిల్లా. అక్కడ రేమండ్ హోర్గన్ ప్రధాన ప్రాసిక్యూటర్. మన దగ్గర పబ్లిక్ ప్రాసిక్యూటర్ని, అంటే పీపీని, ప్రభుత్వం నియమిస్తుంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఆ పదవి ఓట్లతో గెలుచుకోవాలి. ఎన్నికలు దగ్గర పడ్డాయి. హోర్గన్ మీద పోటీ చేస్తున్నది నీకో డెల్లా గార్డియా. ఒకప్పుడు ఇదే ఆఫీసులో హోర్గన్ కింద పనిచేసినవాడు. సరిగ్గా అప్పుడు ఆ ఆఫీసులోనే పనిచేసే కరోలిన్ పోల్హీమస్ అనే మహిళా ప్రాసిక్యూటర్ తన ఫ్లాట్‌లో హత్యకు గురవుతుంది. తాళ్ళతో కట్టేసి, తల మీద కొట్టి చంపారు. అత్యాచారం జరిగినట్టు కనిపిస్తుంది. సొంత ఆఫీసు మనిషి హత్యను ఛేదించలేనివాడికి ఓటెవరు వేస్తారు? హోర్గన్‌కి టెన్షన్. కేసును తన నమ్మినబంటు, ఆఫీసులో రెండో స్థానంలో ఉన్న రస్టీ సాబిచ్‌కి అప్పగిస్తాడు.

రస్టీ కేసు తీసుకుంటాడు. కానీ కరోలిన్‌తో తనకు కొన్ని నెలల పాటు సంబంధం ఉండేదన్న సంగతి పై అధికారికి చెప్పడు. కేసు తనకు వద్దు అనడు. పైగా కరోలిన్ ఇంటికి వచ్చిన ఫోన్ కాల్స్ జాబితా తెప్పిస్తున్నప్పుడు, తన ఇంటి నంబరు రికార్డులు చూడక్కర్లేదని డిటెక్టివ్ లిప్రాంజర్‌తో అంటాడు. లిప్రాంజర్ స్నేహితుడు. సరే అంటాడు.

ఇక్కడ కాసేపు ఆగుతాను. ఈ నవల గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది ఈ చోటును తొందరగా దాటేస్తారు. రస్టీ హత్య చేయలేదు. కానీ చనిపోయిన మనిషితో తనకు సంబంధం ఉండి కూడా ఆ కేసు దర్యాప్తు తనే నడిపాడు. ఏ వృత్తి నియమావళి ప్రకారం చూసినా అది పెద్ద తప్పు. రేపు బోనులో అతని మీద పడే ప్రతి అనుమానానికీ ఇక్కడ అతనే గింజ నాటాడు. టురో గొప్పతనం ఏమిటంటే నిర్దోషి అంటే కడిగిన ముత్యం అనుకోనివ్వడు. మనం కోర్టులో చూసేవాళ్ళు కూడా అంతే కదా. ఈ నేరం చేయనివాడు ఇంకో అబద్ధం ఆడి ఉంటాడు. పోలీసులకు భయపడి ఒక విషయం దాచి ఉంటాడు. ఆ దాచినదాన్ని పట్టుకుని ఈ నేరం కూడా ఇతనిదే అంటాం. చట్టం మాత్రం ఒక్కటే అడుగుతుంది. ఛార్జిషీటులో రాసిన నేరం చేశాడా, లేదా?

ఎన్నికల్లో హోర్గన్ ఓడిపోతాడు. నీకో గెలుస్తాడు. నీకో కుడిభుజం టామీ మోల్టో. గెలిచిన వెంటనే వాళ్ళు రస్టీని పిలిచి, నీ గురించి మాకు తెలిసిపోయిందంటారు. ఆ రాత్రి అక్కడ ఉన్నది నువ్వే, చంపింది నువ్వే అని మోల్టో మొహం మీదే అంటాడు. రస్టీకి ఒళ్ళు మండి, "అవునవును, నువ్వు చెప్పిందే నిజం" అన్న ధోరణిలో ఒక మాట విసురుతాడు. వెటకారంగా. గదిలో ఉన్న ప్రతివాడికీ అది వెటకారం అని తెలుసు. కానీ కాగితం మీదకు ఎక్కాక ఆ మాటకు గొంతు ఉండదు, మొహం ఉండదు. నేరం ఒప్పుకున్నాడు అని వాదించడానికి పనికొస్తుంది. సెషన్స్ కోర్టులో పనిచేసే మిత్రులకు ఇది చదువుతుంటే పోలీసులు దర్యాప్తులో రాసుకున్న ఎన్ని 161 వాంగ్మూలాలు గుర్తుకొస్తాయో నేను వేరే చెప్పక్కర్లేదు. సాక్షి ఏ స్వరంతో అన్నాడో, తల ఊపి అన్నాడో, ఏడుస్తూ అన్నాడో అందులో ఎక్కడా ఉండదు.

సాక్ష్యాలు చూద్దాం. కరోలిన్ ఫ్లాట్‌లో ఒక గాజు గ్లాసు దొరికింది. దాని మీద రస్టీ వేలిముద్రలు ఉన్నాయి. ఫ్లాట్‌లో దొరికిన కార్పెట్ దారాలు రస్టీ ఇంటి కార్పెట్‌తో సరిపోయాయి. రస్టీ ఇంటి ఫోన్ నుంచి కరోలిన్‌కి కాల్స్ వెళ్ళాయి. అదీ ఏ రికార్డులు చూడొద్దని రస్టీ అన్నాడో వాటిలోనే ఉంది. శవం నుంచి తీసిందని చెప్పిన వీర్యం నమూనా రస్టీ రక్తం గ్రూపుతో కలిసింది. ఆ రాత్రి ఎక్కడున్నావు అంటే, ఇంట్లో. భార్య యూనివర్సిటీకి వెళ్ళింది. ఎనిమిదేళ్ళ కొడుకు నిద్రపోతున్నాడు. నేను ఇంట్లోనే ఉన్నానని చెప్పడానికి మెలకువగా ఉన్న సాక్షి ఒక్కడూ లేడు.

మీలో ఎవరైనా జడ్జి కుర్చీలో కూర్చుంటే ఏమంటారు? నిజాయితీగా చెప్పండి.

రస్టీ బాధ అక్కడే ఉంది. ఇదే సాక్ష్యాల కట్ట ఇంకొకడి మీద తన బల్ల మీదకు వస్తే, క్షణం ఆలోచించకుండా కేసు నడిపేవాడు. గెలిచేవాడు కూడా. ఆ సంగతి అతనికి తెలుసు. కథ చెప్తున్నది అతనే కాబట్టి మనకూ తెలుసు. ఇంకో చిత్రం ఏమిటంటే, కథ చెప్పేవాడే అయినా, నేను చేయలేదు అని మన చెవిలో ఊదడు. కేసు వివరాలన్నీ ఒక ప్రాసిక్యూటర్ చెప్పినట్టే చెప్పుకుపోతాడు. సగం పుస్తకం అయ్యేసరికి, ఇతను మనకు కూడా ఏదో దాస్తున్నాడా అని పాఠకుడికే అనుమానం వస్తుంది. జ్యూరర్ కుర్చీలో మనల్ని కూర్చోబెట్టే ఈ పద్ధతి నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. నిర్దోషిగా భావించాలి అన్న సూత్రం మీకు నచ్చుతుందా అని రచయిత అడగడు. మీరు ఎన్నో పేజీలో దాన్ని వదిలేశారో మీకే తెలిసేలా చేస్తాడు.

రక్తం గ్రూపు అన్నాను. కుర్రవాళ్ళకి అనుమానం రావచ్చు, డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే తేలిపోయేది కదా అని. ఈ నవల రాసేనాటికి డీఎన్‌ఏ ఇంకా కోర్టుల్లోకి రాలేదు. ఇంగ్లండ్‌లో అలెక్ జెఫ్రీస్ 1984లో ఆ పద్ధతి కనుక్కున్నాడు. మన దేశంలో దాన్ని తయారుచేసింది హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ గారు, 1980ల చివర్లో. అంతకుముందు వరకు వీర్యం, రక్తం అంటే గ్రూపు దగ్గరే ఆగిపోయేది. ఒకే గ్రూపు ఒక ఊళ్ళో వేలమందికి ఉంటుంది. సరిపోయింది అనే మాట వినగానే, ఎంతమందికి సరిపోతుంది అని అడగాలి. కార్పెట్ దారాలకీ అదే ప్రశ్న వర్తిస్తుంది. ఒక కంపెనీ కార్పెట్ ఒక్క ఇంట్లోనే పరిచి ఉండదు.

మన చట్టంలో ఇలాంటి కేసుని పరిస్థితుల సాక్ష్యం మీద ఆధారపడిన కేసు అంటాం. 1984లో శరద్ బిర్దీచంద్ సార్డా కేసులో సుప్రీంకోర్టు దీనికి ఐదు సూత్రాలు చెప్పింది. ఆ తీర్పులోనే వాటిని పంచశీల అన్నారు. ప్రతి పరిస్థితీ పూర్తిగా రుజువు కావాలి. అవన్నీ ముద్దాయి దోషి అన్న ఒక్క ముగింపుకే దారి తీయాలి. ఇంకో వివరణకు చోటు ఉండకూడదు. గొలుసులో ఒక్క లంకె కూడా తెగి ఉండకూడదు. అంతకుముందు 1973లో శివాజీ సాహబ్‌రావ్ బోబడే కేసులో అదే కోర్టు, "చేసి ఉండొచ్చు" అనేదానికీ "చేసే ఉండాలి" అనేదానికీ మధ్య దూరం చాలా ఉందని చెప్పింది. రస్టీ మీద ఉన్న సాక్ష్యాలను ఒక్కొక్కటిగా ఈ రాయి మీద గీసి చూడండి. గ్లాసు మీద వేలిముద్ర ఉంది. అతను ఒకప్పుడు ఆ గ్లాసు పట్టుకున్నాడని అది చెప్తుంది. ఏ రోజు పట్టుకున్నాడో చెప్పదు. ఫోన్ కాల్ ఆ ఇంటి నుంచి వెళ్ళింది. ఏ చేయి డయల్ చేసిందో రికార్డు చెప్పదు. వస్తువు అబద్ధం చెప్పదు అంటుంటారు. వస్తువు ఏమీ చెప్పదు. దాని తరఫున మాట్లాడేవాడు ఎప్పుడూ ఒక మనిషే. ఇన్నాళ్ళూ ప్రభుత్వం తరఫున వస్తువులతో మాట్లాడించినవాడు రస్టీ. ఇప్పుడు అవే అతనికి ఎదురు తిరిగాయి.

ఇక డిఫెన్స్ లాయర్. అలెహాండ్రో స్టర్న్, అందరూ శాండీ అంటారు. అర్జెంటీనా నుంచి వచ్చినవాడు. మాట మెత్తన, మర్యాద ఎక్కువ, గొంతు పెంచడు. ఇన్నేళ్ళూ కోర్టులో రస్టీకి ఎదురుగా నిలబడ్డవాడు. తన మీదకే కేసు వచ్చేసరికి రస్టీ పరిగెత్తింది అతని దగ్గరికే. మనలో ఎంతమంది పీపీలు, తమకు కష్టం వస్తే ఎవరి దగ్గరికి వెళ్తారో మనసులో ఇప్పటికే అనుకుని ఉంటారు. నవ్వుతున్నారంటే నిజమేనన్నమాట.

స్టర్న్ క్రాస్ ఎగ్జామినేషన్ ఒకటి దగ్గరగా చూపిస్తాను. జూనియర్లు దీని కోసమైనా పుస్తకం చదవాలి. పోస్టుమార్టం చేసిన డాక్టర్ కుమగాయ్ సాక్ష్యం చెప్పడానికి వస్తాడు. పొగరుబోతు. తన మాటకు తిరుగులేదన్న ధీమా. శవం నుంచి తీసిన నమూనాలో గర్భం రాకుండా వాడే జెల్లీ ఆనవాళ్ళు ఉన్నాయని ప్రాసిక్యూషన్ కేసు. అంటే ఆమె తన ఇష్టంతోనే మగవాణ్ణి ఇంట్లోకి రానిచ్చింది, అత్యాచారం అనేది కట్టుకథ, హంతకుడు తెలిసినవాడే అని వాళ్ళ వాదన. వినడానికి బాగానే ఉంటుంది. స్టర్న్ లేచి, ఎక్కడా కంగారు పడకుండా, ఒక్కో మెట్టూ దిగుతూ వస్తాడు. శవపరీక్ష మీరే చేశారు కదా? లోపలి అవయవాలు మీరే చూశారు కదా? మీరు చూసింది అప్పటికప్పుడే నమోదు చేశారు కదా? అన్నిటికీ అవును. అక్కడ ఆగి, డాక్టర్ సొంత నోట్సులోనే ఉన్న ఒక వాక్యం ముందు పెడతాడు. కరోలిన్ పిల్లలు పుట్టకుండా ఎప్పుడో ఆపరేషన్ చేయించుకుంది. మరి ఆపరేషన్ అయిన మనిషికి ఆ జెల్లీతో పనేమిటి?

కోర్టు హాలు నిశ్శబ్దం అయిపోతుంది. ఆ నమూనా అసలు ఈ శవం నుంచి తీసిందేనా అన్న ప్రశ్న అందరి మొహాల్లోనూ కనిపిస్తుంది. స్టర్న్ సాక్షిని తిట్టలేదు, బల్ల గుద్దలేదు. డాక్టర్ రాసుకున్నదాన్ని డాక్టర్ కన్నా శ్రద్ధగా చదివాడు, అంతే. మన దగ్గర పోస్టుమార్టం సర్టిఫికెట్‌లో ఇష్టంవచ్చినట్టు గీకి ఉన్న ఆ రెండు పేజీల్ని, కాలమ్ కాలమ్ చదివే జూనియర్లు ఎంతమంది ఉన్నారు? చేతిరాత అర్థం కాలేదని వదిలేయకండి. అర్థమయ్యేదాకా చదవండి. ఆసుపత్రికి వెళ్ళి అడగండి.

ఇంకోటి, గ్లాసు. విచారణ మధ్యలో ఆ గ్లాసు కనిపించదు. ప్రాపర్టీ రూమ్‌లో లేదు, ల్యాబ్‌లో లేదు. మన కోర్టుల్లో ఎం.ఓ.లు, అంటే సాక్ష్యంగా పెట్టిన వస్తువులు, మాయమవడం గురించి కథలు కథలుగా చెప్పుకుంటాం కాబట్టి ఇది వింతగా అనిపించదు. అది ఎక్కడుందో చివర్లో తెలుస్తుంది. అక్కడ ఒక స్నేహితుడు చేసిన పని న్యాయమా, ద్రోహమా అని నేను ఇప్పటికీ తేల్చుకోలేను.

డిఫెన్స్ సాక్షుల దాకా కేసు వెళ్ళదు. ప్రాసిక్యూషన్ సాక్ష్యం ముగిశాక జడ్జి లారెన్ లిట్టిల్ కేసు కొట్టేస్తాడు. జ్యూరీ ముందుకు పంపాల్సినంత సాక్ష్యం కూడా లేదంటాడు. మన చట్టంలోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 232, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 255. ప్రాసిక్యూషన్ సాక్ష్యం అయ్యాక, ముద్దాయి నేరం చేశాడనడానికి సాక్ష్యమే లేదనిపిస్తే సెషన్స్ జడ్జి అక్కడే విడుదల చేయొచ్చు. వాడేది చాలా తక్కువ. సెక్షన్ ఉందని మర్చిపోయేంత తక్కువ.

లిట్టిల్ ఎందుకు కొట్టేశాడు? సాక్ష్యం నిలబడలేదు కాబట్టి. ఇది నిజం. కానీ ఇంకో సమాధానం కూడా పుస్తకంలో ఉంది. కరోలిన్ చూసిన ఒక పాత లంచం ఫైలు. విచారణ పొడవునా స్టర్న్ ఆ ఫైలు గురించి మర్యాదగా, అమాయకంగా ప్రస్తావిస్తూనే ఉంటాడు. అది బయటికి రావడం ఇష్టం లేనివాళ్ళు ఆ కోర్టు హాల్లో ఎవరున్నారో మనకు తర్వాత అర్థమవుతుంది. నిర్దోషి విడుదలయ్యాడు. కానీ న్యాయం తన బలంతోనే నిలబడిందా? గ్రేలార్డ్ కేసులు నడిపినవాడు రాశాడని గుర్తుపెట్టుకుంటే, ఈ భాగం కత్తిలా దిగుతుంది. కోర్టు రస్టీని వదిలేసింది గానీ చంపింది ఎవరో చెప్పలేదు. అది చెప్పడం కోర్టు పని కూడా కాదు. ఆ నిజం కోర్టు బయట, తీర్పు వచ్చాక, మరో విధంగా తెలుస్తుంది. తెలిశాక రస్టీ ఏం చేయాలి? ప్రాసిక్యూటర్‌గా ఇన్నేళ్ళు బతికినవాడికి అది శిక్ష కన్నా పెద్ద ప్రశ్న.

తెలుగు పాఠకుల్లో చాలామందికి ఈపాటికి యండమూరి వీరేంద్రనాథ్ గారి 'అభిలాష' గుర్తొచ్చే ఉంటుంది. 1983లో చిరంజీవి గారితో సినిమాగా వచ్చింది. అందులోనూ హీరో లాయరే. అందులోనూ చేయని హత్యకు ముద్దాయి అవుతాడు. కానీ అతను కావాలని అవుతాడు. ఉరిశిక్ష రద్దు కావాలి, నిర్దోషికి కూడా ఉరి పడుతుందని చూపించాలి అన్న పట్టుదలతో తన మీద తనే కేసు వచ్చేలా చేసుకుంటాడు. ఆ పథకం అడ్డం తిరుగుతుంది. తెలుగులో హత్యకు శిక్ష చెప్పే సెక్షన్ 302 అన్న మాట కోర్టు గడప దాటి ఇంటింటికీ చేరడంలో ఆ నవలకూ సినిమాకూ పెద్ద పాత్ర ఉందని నేను నమ్ముతాను. ఇప్పుడది కొత్త శిక్షాస్మృతి బీఎన్‌ఎస్‌లో 103 అయింది. అయినా జనం నోట ఇంకా 302యే.

యండమూరి గారి లాయర్ వ్యవస్థ మీద అనుమానంతో బోనెక్కుతాడు. టురో ప్రాసిక్యూటర్ వ్యవస్థ మీద నమ్మకంతో బతికి, ఆ నమ్మకంతోనే బోనెక్కాల్సి వస్తుంది. మొదటిది ఆవేశంగా చదివిస్తుంది, రెండోది కడుపులో భయం పెడుతుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఇంకా బాగుంటుంది.

నవలలో నన్ను ఇబ్బంది పెట్టే విషయం ఒకటి చెప్పాలి. రస్టీకి స్టర్న్ దొరికాడు. ఫీజు ఇవ్వగలిగాడు. ఏ సాక్ష్యం ఎలా తయారవుతుందో లోపలి నుంచి తెలుసు. ఇవేవీ లేనివాడి సంగతేమిటి? మన విజయవాడ దగ్గరే, 2007 డిసెంబరులో హాస్టల్లో ఒక విద్యార్థిని హత్యకు గురైంది. 2008లో ఒక పేద యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. నిజమైన దోషి ఇతను కాదని చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే చెబుతూ వచ్చారు. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది. ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో గడిచిపోయాయి. ఆ అమ్మాయికీ న్యాయం జరగలేదు, ఆ కుర్రాడికీ జరగలేదు. తప్పుడు మనిషిని పట్టుకుంటే రెండు అన్యాయాలు జరుగుతాయి. రెండోది అసలు హంతకుడు దర్జాగా తిరగడం.

పేదవాడికి ఉచిత న్యాయసహాయం అందాలని రాజ్యాంగంలో 39ఏ అధికరణం ఉంది, లీగల్ సర్వీసెస్ చట్టం ఉంది. ఈ చట్టం కూడా 1987దే. కాగితం మీద పేదవాడికి లాయర్ ఉన్నాడు. కానీ కొన్ని ఊళ్ళలో ఘోరమైన నేరం జరిగినప్పుడు, ముద్దాయి తరఫున ఎవరూ వకాల్తా వేయకూడదని బార్ అసోసియేషన్లు తీర్మానాలు చేశాయి. ఊరి కోపం నాకు అర్థమవుతుంది. కానీ 2010లో ఎ.ఎస్. మహమ్మద్ రఫీ కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్మానాలు చెల్లవని స్పష్టంగా చెప్పింది. రస్టీ కేసులో స్టర్న్ కూడా ఊరి మాట విని తప్పుకుంటే, ఆపరేషన్ గురించి ఆ ఒక్క ప్రశ్న ఎవరు అడిగేవారు? దయచేసి అలాంటి తీర్మానం మీ ముందుకు వచ్చినప్పుడు చేయి ఎత్తకండి.

చివరిగా టురో తర్వాత ఏం చేశాడో చెప్పి ఆపేస్తాను. పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది, 1990లో హారిసన్ ఫోర్డ్‌తో సినిమా వచ్చింది. ఆయన మాత్రం వకీలు వృత్తి వదల్లేదు. ఒకప్పుడు మరణశిక్ష పడి, మళ్ళీ విచారణలు జరిగాక 80 ఏళ్ళ జైలుశిక్ష పడిన ఒక వ్యక్తి అప్పీలు ఫీజు తీసుకోకుండా వాదించాడు. ఆ మనిషి 1995లో బయటికి వచ్చాడు. ఆ హత్య అతను చేయలేదు. ఇల్లినాయ్ రాష్ట్రంలో మరణశిక్ష తిరిగి వచ్చిన తర్వాత 12 మందికి శిక్ష అమలు చేస్తే, 13 మంది చేయని నేరానికి శిక్ష పడిందని తేలి మరణశిక్ష నుంచి బయటపడ్డారు. ఈ లెక్క చూసి గవర్నర్ జార్జ్ రయాన్ 2000లో మరణశిక్షలు ఆపేసి ఒక కమిషన్ వేశాడు. అందులో టురో సభ్యుడు. 2002లో నివేదిక ఇచ్చారు. 2003 జనవరిలో రయాన్ ఉరికొయ్య నీడలో ఉన్న 160 మందికి పైగా శిక్ష తగ్గించాడు. 2011లో ఆ రాష్ట్రం మరణశిక్షనే రద్దు చేసింది. అభిలాషలో హీరో కోరుకున్నది ఒక రాష్ట్రంలోనైనా జరిగింది. జరగడంలో ఒక నవలా రచయిత చేయి ఉంది.

ఆ కమిషన్ చేసిన సిఫార్సుల్లో ఒకటి, హత్యకేసుల్లో పోలీసు కస్టడీలో జరిగే విచారణని వీడియో తీయాలని. మన దగ్గర ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 105 ప్రకారం సోదాలనూ, స్వాధీనాలనూ వీడియో తీయాలి. ఏ వస్తువు ఎక్కడ దొరికింది, ఎవరు ముట్టుకున్నారు, ఎలా సీలు చేశారు అనేది అందులో రికార్డు కావాలి. ఇక్కడున్న జూనియర్లకి నాదొక మనవి. రేపు ఛార్జిషీటు కాపీ చేతికి రాగానే, వాంగ్మూలాలు తిరగేసే ముందు ఆ వీడియో ఇచ్చారో లేదో చూడండి. ఇవ్వకపోతే అదే రోజు పిటిషన్ వేయండి. వస్తే, పంచనామాలో రాసిన టైమూ వీడియోలో కనిపించే టైమూ పక్కపక్కన పెట్టుకుని కూర్చోండి.

ఇక మీ ప్రశ్నలు వింటాను. హంతకుడి పేరు మాత్రం అడగొద్దు.